అరవై నాలుగో సంచిక

సూపర్ హీరో కామిక్స్ ఎక్కడినుంచి మొదలుపెట్టాలని హోసూరులో రఘునాథ్‌ను అడిగినవాడెవడూ రెండోసారి అతని గడప తొక్కలేదు. ఆ ప్రశ్న వింటేనే అతనికి ఒళ్లు మండేది. అడిగినవాణ్ణి తలనుంచి కాళ్లదాకా ఓసారి చూసి, "మొదలుపెట్టల్లని నీకెవరు చెప్పినారప్పా? ఇన్నాళ్లూ లేకుండా బతికినావు కదా, అట్లే బతుకు" అనేవాడు.

ఉద్యోగం కూడా అతనికి తగ్గదే దొరికింది. ఊరి బయట ఒక ఫ్యాక్టరీలో లారీ భాగాలను కొలత చూసే గేజీలో పెట్టి చూసి, వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్రరంగు పూసి పక్కన పడేయడం అతని పని. పదేళ్లు అదే చేసేసరికి మనుషుల్ని కూడా గేజీలో పెట్టి చూసే గుణం అబ్బింది. "మీ చేతిలో రంగు డబ్బా ఒక్కటే తక్కువ. లేకుంటే పెండ్లికి వచ్చినోళ్లందరికీ పూసేస్తారు" అనేది భార్య మంజుశ్రీ. ఆమె సర్కారు బడిలో టీచరు. కామిక్స్ పెట్టె ఉన్న గదిలోకి చీపురు పట్టుకుని కూడా పోయేది కాదు.

అతని దేవుడు 'సెంబు ముగమూడి'. అంటే రాగి ముసుగు. శివకాశిలో తమిళంలో అచ్చయిన కామిక్స్ అవి. హోసూరు తెలుగువాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగైనా బడిలో నేర్చింది తమిళం కాబట్టి, చదువు ఏదైనా తమిళంలోనే. రాగి కరిగించే కొలిమిలో పనిచేసే ఒక అనాథ కుర్రవాడు ప్రమాదంలో పడి లేచేసరికి అతనికి ఒక శక్తి వస్తుంది. ఏ లోహాన్ని ముట్టుకున్నా, దాని దగ్గర జరిగినదంతా చెవిలో వినిపిస్తుంది. తలుపు గడియ ముడితే దొంగ మాటలు, కత్తి ముడితే చచ్చినవాడి కేక. అతని శత్రువు ఉప్పు డాక్టరు, రాగిని తినేసే ఉప్పునీళ్లతో ఊళ్లను భయపెడుతుంటాడు. మొత్తం నూటపన్నెండు సంచికలు వచ్చి, 1994లో ఆగిపోయాయి. ఆ నూటపన్నెండూ ఉన్నవాళ్లు జిల్లా అంతటా ఇద్దరేనని రఘునాథ్ చెప్పేవాడు. రెండోవాడి పేరు మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

1996లో అతను, స్నేహితుడు సురేష్ కలిసి ఒక సంఘం పెట్టారు. స్టేషన్ రోడ్డులో ఒక బేకరీ పైన గదిలో ఆదివారం పదకొండింటికి ఐదుగురు మగవాళ్లు కూర్చునేవారు. కొత్తగా వచ్చేవాళ్ల కోసం రఘునాథ్ నాలుగు పేజీల 'వరుస పత్రం' రాశాడు. ఒకటో నంబరుతోనే మొదలుపెట్టాలి. ఇరవై పూర్తయ్యేదాకా ప్రశ్న అడగకూడదు. రంగుల్లో వేసిన మలిముద్రణలు చదివినవాడు చదివినవాడి కింద లెక్క కాదు. ఇంకా ఇలాంటివి పద్దెనిమిది.

ఒకసారి బ్యాంకు ఆఫీసరొకాయన వచ్చి, అన్నిట్లోకీ బాగున్నవి నాలుగు చెప్పండి, అవి చదువుతానన్నాడు. ఆయన మెట్లు దిగకముందే సురేష్, "సాంబారులో ముక్కలు మాత్రం ఏరుకొని తినే రకం" అన్నాడు, ఆయనకు వినపడేలాగే. కాలేజీ లెక్చరరొకాయన, ఇంగ్లీషు సినిమా చూసి ఆసక్తి కలిగిందన్నాడు. ఆయనకు రఘునాథ్ కుర్చీ కూడా చూపలేదు. ఐదేళ్లలో కొత్తవాడొక్కడూ చేరలేదు. అది సంఘం గొప్పతనమని వాళ్లు అనుకున్నారు. ఐదుగురూ ఒకరికొకరు చెప్పుకున్నదే చెప్పుకుంటూ, బయటివాళ్ల తెలివితక్కువను తలుచుకుని నవ్వుకుంటూ, బేకరీ బన్నులు తింటూ ఉండేవారు.

2001 మార్చిలో ఒక ఆదివారం ఆ మెట్లెక్కి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. పేరు కలైసెల్వి. అత్తిముగం దగ్గర గులాబీల కంపెనీలో పూలు కట్టలు కట్టే షెడ్డులో పని. గులాబీ ముళ్లు గీసిన చేతులతో ఒక ప్లాస్టిక్ కవరు గట్టిగా పట్టుకుని ఉంది.

"సార్, ఈడ ముగమూడి పుస్తకాలు ఉండాయని కింద పాతపేపర్ అంగడాయన చెప్పినాడు."

ఎవరూ కూర్చోమనలేదు. ఆమె కవరులోంచి ఒక సంచిక తీసి బల్ల మీద పెట్టింది. అరవై మూడో నంబరు. మూల తడిసి ఆరింది. అట్ట మీద రబ్బరు బ్యాండు గుర్తు పడింది. అది చూడగానే రఘునాథ్ ముఖం చిట్లించాడు.

"యాడ దొరికింది ఇది?"

"పూలకు చుట్టేదానికి పాతపేపర్లు తెప్పిస్తారు సార్. ఆ కట్టలో వచ్చింది. ముగమూడిని నీళ్ల ట్యాంకులో కట్టేసినారు. ఎట్లనో విడిపించుకొని, ఉప్పు డాక్టరు ముసుగు మీద చెయ్యి వేసినాడు. ఆడికి అయిపోయింది. ముసుగు తీస్తే లోపల ఎవరు సార్? దీని తర్వాతది ఉంటే ఒకసారి ఇస్తారా, ఈడనే చదివి ఇచ్చేస్తాను."

సురేష్ నవ్వాపుకోలేక బన్ను పక్కన పెట్టాడు.

"అరవై మూడు చదివేదానికి ముందు అరవై రెండు చదవల్ల కదమ్మా" అన్నాడు రఘునాథ్.

"దొరికింది ఇదొక్కటే కదా సార్."

"దొరికిందల్లా చదివేదానికి ఇది పొట్లం కాయితమా?"

పొట్లం కాయితంగానే దొరికిందని ఆమె అనవచ్చు. అనలేదు. రఘునాథ్ బీరువా తెరిచి ఒకటో నంబరు జిరాక్స్ కాపీ, దానితోపాటు వరుస పత్రం తీసి ఇచ్చాడు. "ఇది చదివి రా. తర్వాత రెండోది ఇస్తాను. ఇట్ల నూటపన్నెండు ఉండాయి."

"అరవై నాలుగు కూడా ఆ బీరువాలో ఉండాది కదా సార్?"

"ఉండాది."

"అదొక్కటి..."

"వరుస తప్పేది లేదు."

ఆమె రెండూ కవరులో పెట్టుకుని వెళ్లిపోయింది. "మళ్లీ రాదులే" అన్నాడు సురేష్.

కానీ తరువాతి ఆదివారమే వచ్చింది. జిరాక్సు కాగితాలను మడత నలగకుండా బల్ల మీద పెట్టింది.

"పదమూడు పేజీలు చదివినాను సార్. ఒక ముసలాయన రాగి యాడ పుడుతుంది, ఎట్ల కరుగుతుంది అని చెప్తానే ఉండాడు. పిల్లోడు ఇంగా కొలిమి దగ్గరికి కూడా పోలేదు. మా షెడ్డులో చదివి చెప్తే మునెమ్మక్క నిద్రపోయింది."

నిజానికి ఒకటో నంబరు అంతే. మొదటి ఇరవై పేజీలు లోహాల పాఠం. ఆ సంగతి ఐదుగురికీ తెలుసు. ఐదేళ్లలో ఒక్కరూ పైకి అనలేదు. ఆ గదిలో ఆ మాట అన్నది ఆమే మొదలు.

"అది ఓపికతో చదవల్ల. అందరికీ అర్థమయ్యేది కాదు" అన్నాడు రఘునాథ్.

"మీరు ముందు చదివింది దీన్నేనా సార్?"

ఆమె ఎత్తిపొడుపుగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగింది. రఘునాథ్ "అవును" అన్నాడు. చెప్పి పక్కకు చూశాడు.

అది అబద్ధం. 1979లో, పదకొండేళ్లప్పుడు, మేనమామతో ఊత్తంగరై వైపు పెళ్లికి పోతూ సామల్‌పట్టి స్టేషన్‌లో రైలుకోసం కూర్చున్నప్పుడు, బెంచీ కింద అట్టలేని పుస్తకం ఒకటి అతనికి దొరికింది. అది ముప్పై ఎనిమిదో నంబరు. చివరి ఎనిమిది పేజీలు లేవు. రైలు మూడు గంటలు ఆలస్యం. ఆ మూడు గంటల్లో దాన్ని ఐదుసార్లు చదివాడు. లేని ఎనిమిది పేజీల్లో ఏం జరిగిందో పెళ్లి జరిగినన్నాళ్లూ ఆలోచించాడు. ఒకటో నంబరు చేతికి వచ్చింది సేలంలో, పాతపుస్తకాల అంగడిలో. అప్పటికి అతనికి ఇరవై ఆరేళ్లు. దాన్ని చదువుతూ ఆవలించాడు కూడా. ఆ సంగతి కడుపులోనే దాచుకుని, వచ్చినవాళ్లందరినీ ఆ ఇరవై పేజీల ముళ్లకంచె మీదుగా దూకమనేవాడు.

"నీకు ఇది సరిపడదమ్మా. వేరే ఏమైనా చదువుకో" అన్నాడు.

కలైసెల్వి బీరువా వైపు ఒకసారి, బన్నుల వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఎండిన పూలకట్టను ఏరి పక్కన పడేసేటప్పటి చూపు అది. "సరే సార్. మేమే చూసుకుంటాము" అని దిగిపోయింది.

మే నెలలో ఒక శనివారం రఘునాథ్ అత్తిముగం వెళ్లాడు. అక్కడ అతని తండ్రి వెంకటరామప్పకు మూడెకరాల టమాటా, కొంత రాగుల చేను. ఆ పొద్దు బోరు మోటారు కాలిపోయింది. పూలతోటలో నాగేశప్ప అనే మెకానిక్ ఉన్నాడు, పిలుచుకు రమ్మని తండ్రి పంపాడు. రఘునాథ్ వెళ్లేసరికి షెడ్డులో అన్నాల వేళ. పదిహేనుమంది ఆడవాళ్లు టిఫిన్ బాక్సులు తెరుచుకుని గుండ్రంగా కూర్చున్నారు. నాగేశప్ప కూడా అక్కడే, గోడకానుకుని, స్పానరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యలో కలైసెల్వి మాట్లాడుతోంది.

"నాగేశప్పా, మా నాయన రమ్మన్నాడు, మోటారు..."

"ఉండప్పా, రొంత సేపు" అన్నాడు నాగేశప్ప తల తిప్పకుండానే. "ఇప్పుడే అక్క నోరు తెరిచింది."

ఏ అక్క అని రఘునాథ్‌కు అర్థం కాలేదు. గుమ్మం బయటే నిలబడి విన్నాడు. రెండు నిమిషాల్లో అర్థమైంది. అర్థమయ్యాక అతని చెవులు ఎర్రబడ్డాయి. అరవై నాలుగో నంబరు దొరకలేదు కాబట్టి కలైసెల్వి దాన్ని సొంతంగా కల్పించి చెబుతోంది. అరవై నాలుగే కాదు, దాని తర్వాతవి కూడా. ఆరు వారాలుగా, రోజూ అన్నాలప్పుడు ఇంత.

ఆమె కథలో ఉప్పు డాక్టరు ముసుగు తీస్తే లోపల ఉన్నది ముగమూడి సొంత అక్క. తమ్ముణ్ణి బడికి పంపాలని తొమ్మిదేళ్లప్పుడే కొలిమి పనికి పోయింది. ఒకనాడు కొలిమి పగిలి చేతులు కాలితే, అట్లాంటి మనిషే తమ దగ్గర పనిచేయలేదని కంపెనీవాళ్లు అన్నారు. ఆమె చచ్చిపోయిందని ఊరంతా అనుకుంది. అనాథగా మిగిలిన తమ్ముడు పెరిగి అదే కొలిమికి పోయాడు, ముగమూడి అయ్యాడు.

"తమ్ముడు ఏడుస్తా 'అక్కా, నువ్వు బతికి ఉండేది నాకు తెల్దు' అన్నాడు" అని కలైసెల్వి చెబుతోంది. "దానికి అక్క ఏమనింది? 'ఊర్లో ఉండే ఇనుమంతా ముట్టి అందరి కథా విన్నావు. నేను అన్నం తిన్న సత్తుగిన్నె నీ ఇంట్లోనే, పొయ్యి పక్కనే ఉండాది. దాన్ని ఒక్కనాడన్నా ముట్టినావా?' అనింది."

ఎవరూ నమలడం లేదు. మునెమ్మ అనే పెద్దావిడ, అరవై దగ్గరపడ్డ మనిషి, ముద్ద చేతిలోనే పెట్టుకుని ఉంది.

రఘునాథ్ ఆగలేకపోయాడు. లోపలికి అడుగు పెట్టాడు. "అది తప్పు" అన్నాడు.

అందరూ తిరిగి చూశారు. కలైసెల్వి గుర్తుపట్టింది.

"వానికి అక్క లేదు. తొమ్మిదో నంబరులోనే రాసినారు, వాడు ఒంటిగాడని. అరవై నాలుగులో జరిగింది అది కాదు. తెలియకపోతే తెలియదనల్ల. నోటికొచ్చింది చెప్పి అందరి బుర్రలూ పాడు చేస్తావా?"

"అట్లయితే జరిగింది ఏమో నువ్వు చెప్పప్పా. వెంకటరామప్ప కొడుకువి కదా, చదువుకున్నోడివి" అంది మునెమ్మ.

రఘునాథ్ గొంతు సవరించుకున్నాడు. ఇరవై ఏళ్లలో ఎవరూ అతన్ని కథ చెప్పమని అడగలేదు. నంబర్లు, సంవత్సరాలు, అచ్చుతప్పులు చెప్పడం తప్ప అతనికి అలవాటు లేదు. అయినా మొదలుపెట్టాడు. ముగమూడి చెయ్యి చాచి డాక్టరు ముసుగు లాగాడు. లోపల ఉన్నది మైనపు బొమ్మ. అసలు ఉప్పు డాక్టరు దూరంగా కొండ మీద నిలబడి నవ్వుతున్నాడు. ముగమూడి ట్యాంకు పగలగొట్టుకుని బయటికి వచ్చి, నిన్ను వదలనని శపథం చేశాడు.

చెప్పడం అయిపోయింది. ఇంకేమైనా ఉంటుందేమోనని వాళ్లు కాసేపు చూశారు.

"మైనం బొమ్మా?" అంది మునెమ్మ.

"అవును."

"నీళ్ల ట్యాంకులో మైనం బొమ్మకు ముసుగు కట్టి పెట్టి, వాడు కొండెక్కి నవ్వుకుంటా నిలబడినాడా? వానికి వేరే పనే లేదా?"

ఒక మూల నుంచి నవ్వు మొదలై షెడ్డంతా పాకింది. నాగేశప్ప కూడా నవ్వాడు. మునెమ్మ మాత్రం నవ్వలేదు. చేతిలోని ముద్దను బాక్సులో పెట్టి, జాలిపడుతున్నట్టు అడిగింది. "దీనికా అప్పా, ఇన్నేండ్లు బీరువాలో పెట్టి తాళం వేసుకొనింటివి?"

రఘునాథ్ మోటారు సంగతి మరిచిపోయి బయటికి వచ్చేశాడు. తండ్రి చేత నాలుగు తిట్లు తిన్నాడు.

ఆ సాయంత్రం హోసూరు చేరగానే బేకరీ పైన బీరువా తెరిచి అరవై నాలుగో నంబరు తీసి చదివాడు. దానికి వేసిన ప్లాస్టిక్ తొడుగు తీయడం ఏడేళ్లలో అదే మొదటిసారి. నిజంగానే ఆ బొమ్మ మైనపు బొమ్మే. ఆ సంచిక రాసినవాడికి ముసుగు కింద ఎవరిని పెట్టాలో తోచక, నెల గడువు మీద పడేసరికి బొమ్మను పెట్టి తప్పించుకున్నాడని ప్రతి పేజీలోనూ కనిపిస్తోంది. ఇన్నేళ్లు ఈ సంగతి తనకెందుకు కనబడలేదో అతనికి తెలియలేదు. కోపం రాసినవాడి మీద రావాలి. మునెమ్మ మీద వచ్చింది.

మర్నాడు సంఘంలో ఆ పల్లె ఆడవాళ్ల తెలివితక్కువను చెప్పి నవ్వించాలనుకున్నాడు. అక్క సంగతి, సత్తుగిన్నె సంగతి వెటకారంగా చెప్పుకొచ్చాడు. సురేష్ నవ్వాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. శ్రీనివాసప్ప మాత్రం నవ్వలేదు. ఆయన ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి రిటైరైన మనిషి, సంఘంలో అందరికన్నా పెద్ద.

"తర్వాత?" అన్నాడు శ్రీనివాసప్ప.

"తర్వాత ఏమి?"

"గిన్నె ముట్టినాడా, లేదా?"

రఘునాథ్‌కు తెలియదు. ముగమూడి గురించి తనకు తెలియదని ఆ గదిలో అతను ఎన్నడూ చెప్పలేదు. "వినకుండానే వచ్చేసినాను" అన్నాడు. అన్న తర్వాత, రాత్రంతా తను ఆలోచించింది కూడా అదేనని తట్టింది. "వచ్చే శనివారం పోయి కనుక్కుంటాను."

"కనుక్కుంటావా?" అన్నాడు సురేష్. "పూలు కట్టే ఆడదాన్ని పోయి అడుగుతావా? వరుస పత్రం రాసినోడివి నువ్వేనా? ఒకటి కూడా పూర్తిగా చదవనిదాని దగ్గర పాఠం చెప్పించుకుంటావా?"

అది రఘునాథ్ గొంతే. మాటలు, విరుపు, పెదవి తిప్పడం అన్నీ ఐదేళ్లుగా అతని దగ్గరే సురేష్ నేర్చుకున్నవి. ఎదుట కూర్చుని వినేసరికి అవి ఎంత చవకబారుగా ఉంటాయో అతనికి తెలిసింది.

"నువ్వు ముందు చదివింది ఎన్నో నంబరు సురేషా?"

"ఒకటి."

"అది వచ్చిన ఏడాదికి నువ్వు ఇంగా పాలు మానలేదప్పా" అన్నాడు శ్రీనివాసప్ప. "మళ్లీ అచ్చు కూడా కాలేదు. నా మటుకు నేను చదివింది డెబ్బై ఒకటి. ఆసుపత్రిలో ఒక పేషెంటు మరిచిపోయి పోయినాడు."

"నాది ముప్పై ఎనిమిది" అన్నాడు రఘునాథ్. "అట్ట లేదు, చివర లేదు."

సురేష్ లేచి తన సంచీ తీసుకున్నాడు. "మీ ఇద్దరూ పోయి పూలు కట్టుకోండి" అని మెట్లు దిగాడు. ఆ తర్వాత నాలుగు ఆదివారాలు గది తెరిచారు గాని, ఎవరు ఎవరిని చూసి నవ్వాలో తెలియక తొందరగా లేచిపోయేవారు. జూన్‌లో బేకరీ ఆయన గదిని కేకుల పెట్టెలకు వాడుకున్నాడు.

శనివారం రఘునాథ్ షెడ్డుకు వెళ్లాడు. ఉత్త చేతులతో పోతే లోకువవుతానని అరవై నాలుగు నుంచి డెబ్బై దాకా అసలు సంచికలు, జిరాక్సులు కాదు, కవరులో పెట్టుకుని తీసుకుపోయాడు. కలైసెల్వి ముందు పెట్టాడు. ఆమె పైదాన్ని రెండు వేళ్లతో తిరగేసి చూసింది.

"వద్దు సార్. అది మైనం బొమ్మ కదా."

అతను కవరు పక్కకు జరిపాడు. "ఆ అక్క కథ..." అన్నాడు. "అది యాడినుంచి వినల్ల?"

షెడ్డులో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మొదటి రోజు చెప్పింది జిరాక్స్ తీసిస్తాములే అప్పా" అంది మునెమ్మ. "ఇరవై రోజులు వినేదాకా నోరు తెరవద్దు."

ఈసారి నవ్వు చాలాసేపు సాగింది. కలైసెల్వి అందరికీ ఆ పత్రం చదివి వినిపించిందని అతనికి అర్థమైంది. వెళ్లిపోదామనుకున్నాడు. గుమ్మందాకా పోయి ఆగాడు.

"కూచోండి సార్" అంది కలైసెల్వి చివరికి. "ఈ పొద్దునుంచే వినండి. యాడ వచ్చి కూచున్నా తెలిసేతట్ల చెప్పేది నా పని. మధ్యలో తప్పు అనొద్దు, అంతే."

గోనెపట్టా మీద, నాగేశప్ప పక్కన కూర్చున్నాడు. ఆ రోజు కథలో తమ్ముడు ఇల్లు చేరాడు గాని పొయ్యి దగ్గరికి పోవడానికి భయపడ్డాడు. వారం తర్వాత గిన్నె ఉన్న చోటు ఖాళీగా ఉంది. ఎవరో పాత సామాన్లవాడికి వేసేశారు. ఆ పై వారం తమ్ముడు ఊళ్లన్నీ తిరిగి పాత సామాన్ల అంగళ్లలో వెతుకుతున్నాడు. కృష్ణగిరి, కుందారపల్లి, సూలగిరి, అన్నీ వీళ్లకు తెలిసిన ఊళ్లే. అసలు కామిక్స్‌లో ఊరి పేర్లు నోరు తిరగనివి. నాలుగు శనివారాలు రఘునాథ్ నోరు మెదపలేదు. ఒకటి రెండుసార్లు లెక్క తప్పిందని తెలిసినా నాలుక కరుచుకుని ఊరుకున్నాడు.

ఐదో శనివారం కలైసెల్వి లేదు. మామిడి సీజను వచ్చింది, కృష్ణగిరిలో గుజ్జు తీసే ఫ్యాక్టరీకి వెళ్లిపోయిందని చెప్పారు. గిన్నె దొరికిందా లేదా ఆమె చెప్పిపోయిందట గాని, ఆ రోజు శుక్రవారం. రఘునాథ్ లేడు.

కాలేజీ లెక్చరరుకు కుర్చీ చూపని మనిషి, అది ఆమె నోటే వినాలని లీవు పెట్టి కృష్ణగిరి బస్సెక్కాడు. షిఫ్టు వదిలే వేళకు ఫ్యాక్టరీ గేటు దగ్గర మధ్యాహ్నపు ఎండలో నిలబడ్డాడు. మామిడి తొక్కల కుళ్లువాసన, ఈగలు. కలైసెల్వి మోచేతులదాకా పసుపుపచ్చ చేతులతో, ఇద్దరు స్నేహితురాళ్లతో బయటికి వచ్చింది. అతన్ని చూసి ఆగింది.

"ఏమి సార్, ఇంత దూరం?"

"గిన్నె దొరికిందా అని..." అన్నాడు.

స్నేహితురాళ్లు మొహాలు తిప్పుకుని నవ్వారు. కలైసెల్వి నవ్వలేదు. అతన్ని అలా ఇంతవరకు ఎవరూ చూడలేదు. పనిలేక తిరిగేవాణ్ణి పనిచేసి అలసినవాళ్లు చూసే చూపు అది.

"అది అత్తిముగం వాళ్ల కథ సార్. ఈడ వేరేది చెప్తా ఉండాను. ఈళ్లకు ముసుగులూ అవీ పట్టవు. నాకూ మిగతాది సరిగ్గా గుర్తులేదు. మునెమ్మక్కను అడగండి." బస్సు కదిలేలా ఉందని పరుగెత్తింది.

అతను బస్సు పోయినవైపు చూస్తూ నిలబడ్డాడు. ఇంత పెద్ద కథను ఇలా చేయి కడుక్కున్నట్టు వదిలేస్తారా అని అతనికి ఒళ్లు మండింది. ఒక్క ముక్క రాసిపెట్టుకోలేదు, నంబరు వేయలేదు. ఇలాంటివాళ్ల చేతిలో ఏదీ నిలవదని తిట్టుకుంటూ అత్తిముగం వెళ్లాడు.

మునెమ్మ ఇంటిముందు చింతపండు గింజలు తీస్తోంది. ఎందుకు వచ్చాడో చెప్పకముందే ఆమెకు తెలిసింది.

"దొరికిందప్పా. కుందారపల్లిలో, రోడ్డు పక్క అంగడిలో. సొట్టపోయి ఉండాది. అక్క ఎదురుగానే ముట్టినాడు."

"ఏమి వినబడింది?"

"ఏమీ వినబడలేదు."

"అదెట్ల? లోహం ముడితే వినబడల్ల కదా. అదే కదా వాని శక్తి."

"ఒంటిగా కూచొని తినే మనిషి ఎవరితో మాట్లాడుతుందప్పా?" అంది మునెమ్మ. "అన్నం గీకే సద్దు ఒకటి వినింటాడు. దానికే వాడు ముసుగు తీసి ఆడ పెట్టేసినాడు."

 రఘునాథ్ అనుమానంగా అడిగాడు. "ఇది కలై చెప్పిందా, నువ్వు చెప్తా ఉండావా?"

"ఎవరు చెప్తే నీకేమి? వినేదానికి వచ్చినావా, దిద్దేదానికా?"

"కలై ఇట్ల చెప్పి ఉండదు."

"అట్లయితే పోయి దాన్నే అడుగు" అని మునెమ్మ చాటను ఇంకొంచెం పక్కకు జరుపుకుంది.

అడగడానికి కలైసెల్వి దొరకలేదు. సీజను అయిపోగానే బెంగుళూరు బట్టల ఫ్యాక్టరీకి పోయిందన్నారు, అక్కడినుంచి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఐదారేళ్ల తర్వాత కూడా, ఎవరైనా కామిక్స్ సంగతి ఎత్తితే రఘునాథ్ ముగమూడి చివరి కథ చెప్పేవాడు. గిన్నె వెతకడందాకా బాగా చెప్పేవాడు. ఆ తర్వాత మొహం చిట్లించి, "అసలు ముగింపు ఇది కాదు. అత్తిముగంలో ఒక ముసలామె పాడుచేసింది" అనేవాడు. విన్నవాళ్లు, మరి అసలుది ఏమిటని అడిగితే, వాళ్లను తలనుంచి కాళ్లదాకా చూసి, ఇంకో మాట మాట్లాడేవాడు కాదు.